బోర్డు చెక్కే మెషీన్ కొనేముందు విద్యార్థిని కూడా అడగాలి

ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థి తాను గీసిన సర్క్యూట్‌ను తన చేతులతోనే బోర్డుగా చేసి చూసుకోవాలంటే విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఒక మెషీన్ ఉండాలి. రాగి రేకు అతికించిన పలకను సన్నని బిట్టుతో చెక్కి సర్క్యూట్ బోర్డుగా మార్చే ఆ మెషీన్‌ను పీసీబీ మిల్లింగ్ మెషీన్ అంటారు. బల్ల మీద పెట్టుకునే చిన్నది ఇరవై వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. పెద్దవి లక్షల్లో ఉంటాయి. వీటిలో ఏది కొనాలో ఒక కొనుగోలు కమిటీ నిర్ణయిస్తుంది. ఆ కమిటీలో ఆచార్యులు ఉంటారు, అకౌంట్స్ వారు ఉంటారు, స్టోర్స్ అధికారి ఉంటారు. రేపు ఆ మెషీన్ ముందు నిలబడి పని చేయాల్సిన రెండో సంవత్సరం విద్యార్థి మాత్రం ఉండడు.

అందుకే చాలాచోట్ల అడగాల్సిన మొదటి ప్రశ్న వెనక్కి పోతుందని మా అభిప్రాయం. "ఇది ఎంత సన్నని గీత చెక్కగలదు?" అని అందరూ అడుగుతారు. "దీన్ని ఒక సంవత్సరంలో ఎంతమంది వాడగలరు? వాళ్ళు చదువు ముగించి వెళ్ళిపోయాక తర్వాత వచ్చినవాళ్ళు ఎన్ని రోజుల్లో నేర్చుకోగలరు?" అని కూడా అడగాలి. బడిలో ఉన్న మాకు ఈ విషయం ఎందుకు అంటారేమో. వచ్చే ఏడాది మాలో కొందరం ఆ ప్రయోగశాలల గుమ్మం దగ్గర ఉంటాం. అక్కడి అద్దాల గదికి తాళం ఉంటుందా లేదా అన్నది ఇప్పుడు జరిగే కొనుగోలు మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు మెషీన్ చేసే పని చెప్పుకుందాం. బోర్డు పలక మామూలుగా 1.6 మి.మీ. మందం ఉంటుంది. దాని మీద ఉండే రాగి రేకు మందం 35 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ముప్పయ్యో వంతుకు కాస్త ఎక్కువ. పలకంతా రాగి పరుచుకుని ఉంటే అన్ని తీగలూ ఒకదానికొకటి తగిలినట్టే. మనకు కావలసిన దారుల చుట్టూ రాగిని తీసేస్తే మిగిలిన రాగి దారులే తీగలవుతాయి. రాగిని తీయడానికి పాత పద్ధతి ఒకటుంది. నున్నటి కాగితం మీద లేజర్ ప్రింటరుతో సర్క్యూట్ బొమ్మ ముద్రించి, ఇస్త్రీ పెట్టెతో దాన్ని రాగి మీదికి ఎక్కించి, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచితే టోనరు కప్పని చోటల్లా రాగి కరిగిపోతుంది. ఇది చవక. ఇంట్లో ఒకటి రెండు బోర్డులకు సరిపోతుంది. కానీ ఆ గోధుమరంగు మరక యూనిఫాం మీద పడితే ఏ సబ్బుకూ లొంగదు. రాగి కరిగిన ద్రావణాన్ని సింకులో పోయకూడదు, దాచిపెట్టి సరైన పద్ధతిలో వదిలించుకోవాలి. అరవై మంది ఉన్న తరగతికి ఏటా ఈ పని చేయించడం ఏ మాస్టారికైనా తలనొప్పే. మిల్లింగ్‌లో రసాయనాలు ఉండవు. కంప్యూటరు చెప్పిన దారిలో బిట్టు తిరుగుతూ తీగల చుట్టూ గాడి చెక్కుతుంది, రంధ్రాలు వేస్తుంది, చివరికి అంచు కోసి బోర్డును విడదీస్తుంది.

"ఇవాళ బయట ఫ్యాక్టరీలో బోర్డులు చవకగా చేసి పంపుతున్నారు కదా, మెషీన్ ఎందుకు?" అనేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్యాక్టరీ బోర్డు మీద ఆకుపచ్చ రక్షణ పూత ఉంటుంది, రంధ్రాల లోపలి గోడలకు కూడా రాగి ఎక్కించి ఉంటుంది. చెక్కిన బోర్డుకు ఈ రెండూ ఉండవు. రెండు వైపులా తీగలున్న బోర్డయితే రంధ్రంలో చిన్న తీగ ముక్క దూర్చి పైనా కిందా సోల్డరింగ్ చేయాలి, లేదా సన్నని రివెట్టు కొట్టాలి. కాబట్టి పూర్తయిన డిజైన్ ఫ్యాక్టరీకే వెళ్ళాలి. అయితే మొదటిసారి గీసిన డిజైన్ ఎవరిదీ పూర్తయినది కాదు. ఒక కనెక్టరు తిరగబడి ఉంటుంది, ఒక రంధ్రం చిన్నదై భాగం కాలు దూరదు. ఫ్యాక్టరీ నుంచి బోర్డు రావడానికి పది రోజులు పడుతుందనుకుంటే మూడుసార్లు సరిదిద్దేసరికి నెల గడిచిపోతుంది. సెమిస్టరు మొత్తం పదిహేను వారాలే. అదే మెషీన్ పక్క గదిలో ఉంటే ఉదయం కనిపించిన తప్పును దిద్దిన బోర్డు సాయంత్రానికి చేతిలో ఉంటుంది. విద్యార్థికి కావలసింది ఈ వేగమే.

ఇక బ్రోచర్ల సంగతి. ప్రతి బ్రోచర్లోనూ రిజల్యూషన్ అనే అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మోటారు వేసే అతిచిన్న అడుగు ఎంతో చెప్పే అంకె అది. చూడటానికి ముచ్చటగా మైక్రాన్లలో ఉంటుంది. కానీ బోర్డు మీద పడే గాడి వెడల్పును నిర్ణయించేవి వేరు. బిట్టు కొన ఎంత సన్నగా ఉంది, అది ఎంత లోతుకు దిగింది, స్పిండిల్ ఎంత నిలకడగా తిరుగుతోంది, కింద పలక ఎంత చదునుగా ఉంది అన్నవే అసలు విషయాలు.

పదో తరగతిలో నేర్చుకున్న త్రికోణమితితోనే ఇది లెక్క కట్టవచ్చు. బోర్డులు చెక్కడానికి ఎక్కువగా వాడేది వి ఆకారపు బిట్టు. దాని కొన వెడల్పు 0.1 మి.మీ., కోణం 30 డిగ్రీలు అనుకుందాం. గాడి వెడల్పు కావాలంటే లోతును రెండుతో హెచ్చించి, దాన్ని సగం కోణపు టాంజెంట్‌తో హెచ్చించి, కొన వెడల్పుకు కలపాలి. లోతు 0.1 మి.మీ. అయితే గాడి 0.154 మి.మీ. వస్తుంది. లోతు 0.2 అయితే 0.207 వస్తుంది. అదే 60 డిగ్రీల బిట్టు అయితే 0.215 నుంచి 0.331కి పెరుగుతుంది. మన నోటుపుస్తకంలోని ఒక్క కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. అంటే పలక ఒక మూలన ఒక్క కాగితం మందం పైకి లేచి ఉంటే చాలు, అక్కడ గాడి వెడల్పై సన్నని తీగను తినేస్తుంది. మూల కిందికి వంగి ఉంటే బిట్టు గాలిలో తిరుగుతుంది, రాగి తెగదు. మైక్రాన్ల రిజల్యూషన్ ఇక్కడ ఏమీ చేయలేదు. పనికొచ్చేది ఎత్తు కొలిచే సౌకర్యం. చెక్కే ముందు బిట్టును పలక మీద చాలాచోట్ల సుతారంగా ఆనించి, రాగి తగిలిన ఎత్తులను గుర్తుపెట్టుకుని, దాని ప్రకారం లోతును సవరించుకునే ఏర్పాటు ఇది. చవక మెషీన్‌కు కూడా రెండు వైర్లతో, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దీన్ని అమర్చుకోవచ్చు.

స్పిండిల్ నిలకడకు ఇంగ్లీషులో రనౌట్ అనే మాట వాడతారు. క్రికెట్ రనౌట్‌తో దీనికి సంబంధం లేదు, నష్టం మాత్రం అలాంటిదే. బిట్టు కొన అసలు కేంద్రం నుంచి 0.05 మి.మీ. పక్కకు జరిగి తిరుగుతుంటే గాడి 0.1 మి.మీ. వెడల్పు పెరుగుతుంది. సన్నని బిట్టయితే విరిగిపోతుంది. ఈ అంకె చాలా బ్రోచర్లలో కనబడదు. కమిటీ పట్టుబట్టి అడగాల్సింది దీన్నే.

మరి విద్యార్థుల బోర్డులకు ఎంత సన్నదనం కావాలి? మనం బ్రెడ్‌బోర్డు మీద గుచ్చే ఐసీల కాళ్ళ మధ్య దూరం 2.54 మి.మీ. పలక మీద అతికించే చిన్న ఎస్ఓఐసీ రకానికి 1.27 మి.మీ. ఆర్డుయినోలో ఉండే మైక్రోకంట్రోలరు చదునైన చతురస్రాకారపు రూపంలో వస్తే 0.8 మి.మీ. అక్కడ రెండు పాదాల మధ్య ఖాళీ సుమారు 0.3 మి.మీ. మిగులుతుంది. నాలుగేళ్ళ బీటెక్‌లో చేసే బోర్డుల్లో చాలా భాగం ఇక్కడితో సరిపోతాయి. కాళ్ళ మధ్య దూరం 0.5 మి.మీ.కు దిగితే ఖాళీ 0.2 దగ్గరకు వస్తుంది, అప్పుడు మంచి మెషీన్ కావాలి.

దీనికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని ఎంఐటీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో దాదాపు ఏ వస్తువునైనా తయారు చేయడం ఎలాగో నేర్పే ఒక కోర్సు మొదలుపెట్టారు. ఆ ఆలోచన నుంచే ఫ్యాబ్ ల్యాబులు పుట్టాయి. ఎంఐటీ బయట తొలి ఫ్యాబ్ ల్యాబుల్లో ఒకటి మన దేశంలోనే, 2002లో మహారాష్ట్రలో పుణె దగ్గరి పాబళ్ గ్రామంలో, విజ్ఞాన్ ఆశ్రమంలో ఏర్పడింది. డాక్టర్ ఎస్.ఎస్. కల్బాగ్ 1983లో స్థాపించిన సంస్థ అది. చేతిపనితో చదువు చెప్పాలన్నది దాని పద్ధతి. ఈ ఫ్యాబ్ ల్యాబుల్లో బోర్డులు చెక్కడానికి వాడుతూ వచ్చింది బల్ల మీద పట్టే చిన్న మెషీన్. వాటిలో బాగా కనిపించే రోలాండ్ ఎస్ఆర్ఎం-20 పని చేసే జాగా సుమారు 203 మి.మీ. పొడవు, 152 మి.మీ. వెడల్పు. స్పిండిల్ వేగం నిమిషానికి 7,000 చుట్లు మించదు. బిట్టు అంగుళంలో అరవై నాలుగో వంతు, అంటే 0.4 మి.మీ. ఇంత మామూలు సరంజామాతో విద్యార్థులు మైక్రోకంట్రోలర్ బోర్డులు చేసి నడిపిస్తున్నారు. బిట్టుకు తగినట్టు డిజైన్‌లోనే ఖాళీలు వదలడం వాళ్ళు ముందు నేర్చుకుంటారు. పరికరం హద్దులు తెలుసుకుని గీయడం కూడా ఇంజనీరింగ్ చదువులో భాగమే కదా.

వేగం గురించి అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. 0.2 మి.మీ. బిట్టు నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే దాని అంచు నిమిషానికి సుమారు 6.3 మీటర్ల వేగంతో రాగిని కోస్తుంది. 60,000 చుట్లయితే అదే బిట్టు అంచు వేగం దాదాపు 37.7 మీటర్లు. అంచు వేగం పెరిగితే గాడి అంచులు నున్నగా వస్తాయి, మెషీన్‌ను గబగబా ముందుకు నడపవచ్చు. నెమ్మదిగా తిరిగే స్పిండిల్‌తో తొందరపడితే బిట్టు విరుగుతుంది, రాగి అంచున నూగు లేస్తుంది. జర్మనీకి చెందిన ఎల్‌పీకేఎఫ్ సంస్థ ప్రోటోమ్యాట్ ఎస్104 మెషీన్ స్పిండిల్ నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది, బిట్లను అదే మార్చుకుంటుంది. యాంటెన్నాలు, రాడారు సర్క్యూట్లు చేసే పరిశోధకులకు తీగ వెడల్పులో చిన్న తేడా వచ్చినా ఫలితం మారిపోతుంది. వాళ్ళకు అలాంటిదే కావాలి. దాన్ని మేము కాదనడం లేదు. అయితే అది పరిశోధన గదికి కొనాల్సిన మెషీన్. బోధనకు కేటాయించిన డబ్బుతో దాన్ని కొని, ఖరీదైనది కాబట్టి విద్యార్థులు ముట్టుకోకూడదని బోర్డు పెడితే అది సరైన పని కాదు.

ఈ మాటను లెక్కతో చెబుతాం. ఒక సెక్షన్‌లో 60 మంది, ఇద్దరికి ఒక బోర్డు చొప్పున 30 బోర్డులు. ఒక్కోటి మూడుసార్లు చెక్కాల్సి వస్తే 90. పలక బిగించడం, ఎత్తు కొలవడం, చెక్కడం, శుభ్రం చేయడం కలిపి ఒక్కోదానికి గంటన్నర వేసుకుంటే 135 గంటలు. రోజుకు 5 గంటలు మెషీన్ నడిస్తే 27 పనిదినాలు. సెమిస్టరు పదిహేను వారాలు, వారానికి ఐదు రోజులు, మొత్తం 75 రోజులు. ఒక్క సెక్షన్‌కు ఒక్క మెషీన్ హాయిగా సరిపోతుంది. మూడు సెక్షన్లయితే 81 రోజులు కావాలి, సరిపోదు. పైగా అందరూ ఒకేసారి చివరి మూడు వారాల్లోనే వస్తారని మనకందరికీ తెలుసు, ప్రాజెక్టు ఫైళ్ళు మనమూ అలాగే రాస్తాం. అందుకే ఒకే ధరలో ఒక గొప్ప మెషీన్, రెండు మూడు మామూలు మెషీన్లు వస్తాయంటే బోధన ప్రయోగశాలకు మేము రెండోదే ఎంచుకుంటాం. ఒకటి మరమ్మతులో ఉన్నా ఇంకొకటి నడుస్తుంది.

అలాగని మరీ చవకదానికి ఎగబడమని కాదు. 3018 అనే పేరుతో విడిభాగాలుగా వచ్చే మెషీన్ ఒకటుంది. 300 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు పని జాగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. గ్రబుల్ అనే ఉచిత ప్రోగ్రాంతో నడుస్తుంది. విప్పి బిగించి నేర్చుకోవడానికి దానికి సాటి లేదు. కానీ చాలావాటికి చుట్టూ మూత ఉండదు. ఇక్కడ భద్రత ప్రశ్న వస్తుంది. ఎఫ్‌ఆర్4 పలకలో గాజు నార ఉంటుంది. దాన్ని చెక్కినప్పుడు లేచే ధూళి చర్మాన్ని, కళ్ళను, ఊపిరితిత్తులను బాధిస్తుంది. బిట్టు పదును కూడా త్వరగా పోతుంది. ఫ్యాబ్ ల్యాబుల్లో ఎఫ్‌ఆర్1 అనే పలక వాడతారు. అది కాగితంతో, రెజిన్‌తో చేసినది, గాజు ఉండదు. ఎక్కువ వేడి తగిలితే రాగి పాదాలు లేచిపోతాయి కాబట్టి సోల్డరింగ్ చేసేటప్పుడు చేయి తేలికగా ఉండాలి. నేర్చుకునేవాళ్ళకు ఆ జాగ్రత్త అలవాటు కావడం మంచిదే. ఏ పలకైనా మూత ఉన్న మెషీన్, సన్నని ధూళిని పట్టే ఫిల్టరున్న వాక్యూమ్, కళ్ళద్దాలు లేకుండా విద్యార్థులను ఆ గదిలోకి పంపకూడదు. ఈ ఖర్చును చాలామంది మెషీన్ ధరలో కలపరు, తర్వాత దానికి డబ్బుండదు. యూపీఎస్ సంగతి కూడా అంతే. చెక్కడం మధ్యలో కరెంటు పోతే చాలా మెషీన్లు తామెక్కడున్నాయో మరిచిపోతాయి, ఆ పలక పనికిరాకుండా పోతుంది.

ఇక బదిలీల కుటుంబాల్లో పుట్టిన మనకు బాగా తెలిసిన విషయానికి వద్దాం. ఫ్రిజ్జో వాషింగ్ మెషీనో కొనేటప్పుడు మన అమ్మానాన్నలు దుకాణంలో అడిగే ప్రశ్న ఒకటుంది. "రేపు మేము ఏ ఊరు వెళ్ళినా దీనికి సర్వీసు దొరుకుతుందా?" రంగు, తలుపు మీది అద్దం, లోపలి లైటు ఇవన్నీ దాని తర్వాతే. అరుణాచల్ నుంచి అండమాన్ దాకా పోస్టింగులు చూసినవాళ్ళు అనుభవంతో నేర్చుకున్న ప్రశ్న అది. విశ్వవిద్యాలయాల కమిటీలు కూడా దాన్ని అరువు తెచ్చుకోవాలి. బిట్టును పట్టుకునే కొల్లెట్ అరిగిపోతే అది మన దేశంలో దొరుకుతుందా, ఓడ మీద రావాలా? బిట్లు ఆ కంపెనీవే వాడాలా, బజారులో దొరికే 3.175 మి.మీ. కాడ ఉన్న బిట్టు ఏదైనా సరిపోతుందా? సాఫ్ట్‌వేర్ ఒకే కంప్యూటరుకు కట్టుబడి ఉంటుందా? చిన్న డాంగిల్ పోతే మెషీన్ మొత్తం మూగబోతుందా? సర్క్యూట్ ఫైళ్ళకు గెర్బర్, రంధ్రాలకు ఎక్సెలాన్, మెషీన్ కదలికలకు జీ-కోడ్ అని అందరూ వాడే పద్ధతులు ఉన్నాయి. వాటిని నేరుగా తీసుకోని మెషీన్‌ను, అది ఎంత అందంగా ఉన్నా, పక్కన పెట్టాలని మా గట్టి అభిప్రాయం.

డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. కైకాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను 1992లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జాన్-పియెర్ షరాస్ మొదలుపెట్టారు. తర్వాత దాని అభివృద్ధిలో సెర్న్ పరిశోధన సంస్థ కూడా చేయి కలిపింది. మన ఐఐటీ బొంబాయిలోని ఫాస్సీ ప్రాజెక్టు వారు కైకాడ్‌ను, మరికొన్ని ఉచిత పరికరాలను కలిపి ఈసిమ్ తయారు చేశారు. ఇవి ఇంట్లో కంప్యూటరులో వేసుకోవచ్చు, ఊరు మారినా వెంట వస్తాయి. లైసెన్సు ఉన్న ఒక్క కంప్యూటరు కోసం వరుసలో నిలబడాల్సిన పని ఉండదు.

మెషీన్ మూలన పడటానికి అది చెడిపోవడం ఒక్కటే కారణం కాదు. దాన్ని నడపడం తెలిసిన సీనియర్ డిగ్రీ తీసుకుని వెళ్ళిపోతాడు, తెలిసిన ల్యాబ్ అసిస్టెంటు వేరే విభాగానికి మారతాడు. ఏ బిట్టుకు ఏ వేగం, ఏ లోతు పెట్టాలో వాళ్ళ తలల్లోనే ఉండి వాళ్ళతోనే పోతుంది. మనలో చాలామంది మూడో నాలుగో బళ్ళు మారినవాళ్ళమే. సంవత్సరం మధ్యలో కొత్త బడికి వచ్చినప్పుడు పక్కబెంచీ స్నేహితుడి నోటుపుస్తకం ఎంత ఆదుకుంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మెషీన్ పక్కన కూడా అలాంటి పుస్తకం ఉండాలి. తేదీ, పలక రకం, బిట్టు, వేగం, లోతు, ఎలా వచ్చింది, బిట్టు ఎందుకు విరిగింది అన్నవి వాడిన ప్రతివారూ రాయాలి. ఇంగ్లీషులోనే రాయాలని పట్టుబట్టక్కర్లేదు, తెలుగులోనో హిందీలోనో రాసినా తర్వాతివాళ్ళు చదువుకుంటారు. అందుకే మెషీన్ ఎంపికలో మేము ఒక కొలత చేరుస్తాం: ఎప్పుడూ దాన్ని ముట్టని విద్యార్థి ఆ పుస్తకం చూసి, ఒక్క పూట సహాయంతో, తన మొదటి బోర్డు చెక్కగలగాలి.

"విద్యార్థుల చేతికిస్తే పాడు చేస్తారు" అన్న మాట తప్పకుండా వస్తుంది. బిట్లు విరుగుతాయి, నిజమే. పెన్సిలు ముల్లు విరిగినట్టు అది పనిలో భాగం. వాటిని ఖర్చయ్యే వస్తువుల పద్దులో రాసి ఏటా కొనాలి. మెషీన్‌కే దెబ్బ తగలకుండా మూత తెరిస్తే ఆగిపోయే స్విచ్చి, అందుబాటులో ఎర్రని అత్యవసర బటను, హద్దు దాటకుండా ఆపే స్విచ్చిలు ఉన్నదాన్ని ఎంచుకుంటే చాలావరకు సరిపోతుంది. ఎవరూ ముట్టకుండా అయిదేళ్ళు కొత్తగా మెరిసిన మెషీన్ వల్ల ప్రజల డబ్బు ఆదా అయిందని ఎలా అంటాం?

కొనుగోలు నియమాలు అడ్డం వస్తాయని, తక్కువ ధర చెప్పినవాడికే ఇవ్వాల్సి వస్తుందని కొందరు అంటారు. ఎల్1 అన్న మాట మన ఇళ్ళలో భోజనాల దగ్గర కూడా వింటూ ఉంటాం. కానీ నియమాలను చూస్తే దారి అక్కడే కనబడుతుంది. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం ఏం కావాలో పని పరంగా, కొలవగలిగే విధంగా రాయాలి, ఫలానా బ్రాండే కావాలని రాయకూడదు. కాబట్టి పని ఏమిటో టెండరులోనే స్పష్టంగా రాయవచ్చు. ఉదాహరణకు, వంద మిల్లీమీటర్ల చతురస్రపు పరీక్ష బోర్డు ఒకటి ముందే గీసి ఇవ్వాలి. అందులో నాలుగు మూలల్లోనూ, నడుమనూ 0.8 మి.మీ. కాళ్ళ దూరం ఉన్న చిప్పు పాదాలుండాలి, 0.25 మి.మీ. ఖాళీలుండాలి. సాంకేతిక అర్హత చూసే రోజున ప్రతి కంపెనీ అదే ఫైలును కమిటీ ఎదుట చెక్కి చూపాలి. మల్టీమీటరుతో ప్రతి జత తీగలనూ పరీక్షించాలి. అయిదు చోట్లా సరిగా వచ్చినవాటి మధ్యే ధర పోల్చాలి. అలా చేస్తే ఎల్1 నియమం వల్ల నాసిరకం రాదు. ధర పోల్చేటప్పుడు కూడా మెషీన్ ఒక్కటే కాకుండా మూడేళ్ళ బిట్లు, పలకలు, ఫిల్టర్లు, వార్షిక నిర్వహణ ఒప్పందం అన్నీ కలిపి చూడాలి.

శిక్షణ గురించి ఒక మాట. సరఫరాదారు మనిషి వచ్చి ఒకటి రెండు రోజులు మెషీన్ నడపడం నేర్పడం మామూలే. ఆ గదిలో ఆచార్యులతో పాటు ల్యాబ్ అసిస్టెంటు, కనీసం నలుగురు విద్యార్థులు కూర్చోవాలని ఒప్పందంలోనే రాయాలి. ఆ నలుగురిలో ఇద్దరైనా రెండో సంవత్సరం వాళ్ళయి ఉండాలి. ఆఖరి సంవత్సరం వాళ్ళకు ఎంత బాగా నేర్పినా మేలో పరీక్షలు రాసి వెళ్ళిపోతారు.